పై ప్లగ్ విప్పాకే కింది ప్లగ్ జోలికి వెళ్లండి

ప్రశ్న: మాది తెనాలి. ఎనిమిదేళ్లుగా టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. చిన్నప్పటి నుంచి రెండు సీట్ల కారంటే నాకు మోజు. పోయిన ఏడాది 2003 మాజ్దా మియాటా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 1.8 లీటర్ల ఇంజన్, మాన్యువల్ గేర్లు, 96 వేల మైళ్లు తిరిగింది. ఇంజన్ ఆయిల్ రెండుసార్లు ఇంట్లోనే మార్చాను. వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె, అదే డిఫరెన్షియల్, దాని ఆయిల్ ఎప్పుడు మార్చారో పాత ఓనర్‌కే తెలియదు. 50 మైళ్ల స్పీడు దగ్గర వెనక నుంచి సన్నగా ఊళ వేస్తున్నట్టు శబ్దం వస్తోంది. ఆ ఆయిల్ కూడా నేనే మార్చుకోవచ్చా? ఏ ఆయిల్ పోయాలి? శబ్దం పోతుందా? నేను కారు కింద దూరతానంటే మా ఆవిడకు టెన్షన్. నాన్నగారేమో ఫోన్‌లో ‘అలాంటి పనులు మెకానిక్‌కి ఇచ్చెయ్‌రా’ అంటున్నారు.

సమాధానం: మార్చుకోవచ్చు. ఇంజన్ ఆయిల్ రెండుసార్లు మార్చారు కాబట్టి ఇది మీకు కొత్త విద్యేమీ కాదు. పాత ఆయిల్ దించి కొత్తది ఎక్కించడానికి అరగంట, ముప్పావు గంట చాలు. కానీ ఆ అరగంట పని కోసం కారును నాలుగు వైపులా పైకి లేపి, తక్కెడలా సమంగా నిలబెట్టాలి. శ్రమంతా అక్కడే, ప్రమాదం కూడా అక్కడే. మీ ఆవిడ భయపడటంలో తప్పేమీ లేదు. అందుకే ఆయిల్ సంగతి కంటే కారు లేపే సంగతి కాస్త ఎక్కువ రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నాన్నగారి మాటనూ నేను కొట్టిపారేయను. ఆయన చూసి ఉండేది లారీదో, అంబాసిడర్‌దో, జీపుదో అయి ఉంటుంది. మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డులో పనిచేసేవాడు. వేసవి సెలవులు సగం నాకు అక్కడే గడిచేవి. అక్కడ డిఫరెన్షియల్ అన్న మాట నేనెప్పుడూ వినలేదు. లారీ వెనక ఇరుసు మధ్యలో కుండలా ఉబ్బి కనిపించేదాన్ని ‘క్రౌన్’ అనేవాళ్లు. అందులో పోసేది ‘90 నంబర్ ఆయిల్’. దాని ప్లగ్ తీయగానే కుళ్లిన కోడిగుడ్డులాంటి ఘాటు వాసన గుప్పుమనేది. బాబాయి స్నానం చేసి భోజనానికి కూర్చున్నా ఆ వాసన చేతులను వదిలేది కాదు. మీ మియాటా వెనక కూడా అదే క్రౌన్ ఉంది, సైజు చిన్నది, అంతే. వాసన మాత్రం అంతే ఘాటు. కాబట్టి పాత బట్టలు వేసుకోండి, నైట్రైల్ గ్లోవ్స్ తొడుక్కోండి.

ఆ వాసనకు కారణం తెలిస్తే ఏ ఆయిల్ కొనాలో కూడా తెలిసిపోతుంది. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం వెళ్లాలి. మీ కారు వెనక చక్రాల మధ్య దూరం సుమారు 1.44 మీటర్లు. నాలుగు రోడ్ల కూడలిలో ఒక పక్కకు పూర్తిగా తిరిగారంటే, ఆ ఒక్క మలుపులోనే బయటి చక్రం రెండుంపావు మీటర్లు ఎక్కువ దొర్లాలి. రెండు చక్రాలకూ ఇంజన్ బలం అందిస్తూనే ఈ తేడాను సర్దేది డిఫరెన్షియల్. ముందు నుంచి వచ్చే పొడుగాటి షాఫ్టు చివర పినియన్ అనే చిన్న పళ్ల చక్రం, దాన్ని కరుచుకుని పెద్ద క్రౌన్ చక్రం ఉంటాయి. పినియన్ సరిగ్గా క్రౌన్ మధ్యకు ఎదురుగా ఉండదు, కాస్త కిందికి దిగి ఉంటుంది. దీన్ని హైపాయిడ్ అమరిక అంటారు. 1920లలో అమెరికాలో ప్యాకార్డ్ కార్లలో వచ్చిన పద్ధతి ఇది. షాఫ్టు కిందికి దిగితే కారు ఫ్లోరు కూడా కిందికి దించుకోవచ్చు, కారు పొట్టిగా ఉంటుంది. కానీ అలా దించినందువల్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాకుండా, గట్టిగా ఒరుసుకుంటూ పక్కకు జారుతాయి కూడా. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది. అందుకే గంధకం, ఫాస్ఫరస్ ఉన్న రసాయనాలు కలుపుతారు. పళ్ల మధ్య వేడి పుట్టిన చోట అవి ఉక్కు మీద పల్చటి పూతలా కట్టి, లోహం లోహాన్ని తినకుండా కాపాడతాయి. మీరు పీల్చేది ఆ గంధకం వాసనే.

ఆ రసాయనాలు హైపాయిడ్‌కు సరిపడా ఉన్న ఆయిల్ డబ్బా మీద జీఎల్-5 అని రాసి ఉంటుంది. మీకు కావాల్సింది అదే. జీఎల్-4 అని ఉంటే అక్కడే పెట్టేసి రండి, ఈ పళ్లకు దాని బలం చాలదు. అలాగని మిగిలిన జీఎల్-5ను వృథా ఎందుకని మీ మాన్యువల్ గేర్ బాక్సులో పోసేయకండి. అక్కడ గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులుంటాయి, గంధకం ఎక్కువున్న ఆయిల్ వాటికి పడకపోవచ్చు. గేర్ బాక్సు ఆయిల్ సంగతి వేరుగా చూసుకోవాలి.

గ్రేడు విషయానికొస్తే, ఈ తరం మియాటాకు మాజ్దా చెప్పిన లెక్క ఇది: మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ పైన ఉండే చోట 90, అంతకంటే చలి ఉంటే 80డబ్ల్యూ. టెక్సస్‌లో అంత చలి ఎక్కడిది అనుకుంటాం. కానీ 2021 ఫిబ్రవరిలో కరెంటు పోయి ఊరంతా గడ్డకట్టిన ఆ వారం మీరూ అక్కడే ఉన్నారు కదా, డాలస్‌లో మైనస్ 19 దాకా పడిపోయింది. 75డబ్ల్యూ-90 సింథటిక్ కొంటే ఎండకూ చలికీ ఒకటే సరిపోతుంది. 90 అన్న అంకె చూసి ఇంజన్ ఆయిల్ కంటే మూడింతలు చిక్కగా ఉంటుందని అనుకోకండి. గేర్ ఆయిల్ కొలమానమే వేరు, 90 గేర్ ఆయిల్ చిక్కదనం 40, 50 గ్రేడు ఇంజన్ ఆయిల్‌కు దగ్గర్లోనే ఉంటుంది.

కొన్ని మియాటాల్లో, ఒక చక్రం జారి ఊరికే తిరిగిపోకుండా అదుపు చేసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటుంది. రెండు వెనక చక్రాలూ గాల్లో ఉన్నప్పుడు గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. రెండోది ఎదురు దిక్కులో తేలిగ్గా తిరిగితే మామూలు రకం. అదే దిక్కులో తిరిగినా, బిగువుగా మొరాయించినా లిమిటెడ్ స్లిప్ అయి ఉండే అవకాశం ఎక్కువ. డబ్బా మీద ‘లిమిటెడ్ స్లిప్‌కు పనికొస్తుంది’ అని రాసి ఉన్న జీఎల్-5 తీసుకుంటే రెండు రకాలకూ సరిపోతుంది కాబట్టి, కొనేటప్పుడు ఈ టెన్షన్ అక్కర్లేదు.

ఎంత కొనాలి? లోపల పట్టేది ఒక లీటరు. మీ దగ్గర షాపుల్లో అమ్మేది క్వార్ట్ డబ్బాలు, ఒక్కో దాంట్లో 946 మిల్లీలీటర్లు. ఒక్క డబ్బా కొంటే అరగ్లాసు కూడా లేని ఆ 50 మిల్లీలీటర్ల కోసం మళ్లీ షాపుకు పరిగెత్తాలి. పైగా పంపులో, గొట్టంలో కొంత ఉండిపోతుంది, కొంత కింద ఒలుకుతుంది. రెండు డబ్బాలు కొనండి.

ఇక ఈ జవాబుకు పెట్టిన శీర్షిక సంగతి. డిఫరెన్షియల్‌కు రెండు ప్లగ్‌లుంటాయి. అడుగున ఉన్నది పాత ఆయిల్ దించేది, పక్కన ఎత్తులో ఉన్నది కొత్తది పోసేది. ముందు పోసే ప్లగ్ విప్పండి. అది వదులై, చేత్తో తిరిగి, బయటికొచ్చిందని కళ్లారా చూశాకే అడుగు ప్లగ్ మీద సాకెట్ పెట్టండి. నేను మొదటిసారి చేసినప్పుడు ఇది నాకెవరూ చెప్పలేదు. ఒక ఆదివారం సాయంత్రం అడుగు ప్లగ్ తీసి ఆయిల్ మొత్తం దించేశాను. తర్వాత పై ప్లగ్ పట్టుకుంటే ఎంతకీ కదలదు. అంతకుముందు ఎవరో దాన్ని అడ్డదిడ్డంగా బిగించి అంచులు అరగదీశారు. నా చేతిలో ఉన్నది పన్నెండు పలకల సాకెట్, రెండుసార్లు జారేసరికి మిగిలిన అంచులు కూడా పోయాయి. కారు బరువు మోసే ఇనుప స్టాండ్ల మీద ఉంది, లోపల చుక్క ఆయిల్ లేదు, దాన్ని అంగుళం కూడా నడపడానికి లేదు. వెల్డింగ్ తెలిసిన స్నేహితుడు వచ్చి ఆ అరిగిన తలకు ఇంకో నట్టు అతికించి విప్పేదాకా మూడు రోజులు కారు గాల్లోనే ఉండిపోయింది. ఆ మూడు రోజులూ నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ముందు పై ప్లగ్ పట్టుకుని ఉంటే, రాదని తెలిసిన క్షణాన కారు దించేసి, పాత ఆయిల్‌తోనే మెకానిక్ దగ్గరికి నడుపుకుంటూ పోయేవాణ్ని.

అందుకే ఆరు పలకల సాకెట్ కొనండి. 23, 24 ఎం.ఎం. రెండూ దగ్గర పెట్టుకుని, ఏది లొడలొడలాడకుండా బిగువుగా కూర్చుంటే దాన్ని వాడండి. ముందురోజు రాత్రే రెండు ప్లగ్‌ల చుట్టూ వైరు బ్రష్‌తో మట్టి దులిపి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. విప్పేటప్పుడు పొడుగాటి పిడి ఉన్న పానా కావాలి. వెల్లకిలా పడుకుని ఉంటే ఏ వైపు తిప్పితే వదులవుతుందో గజిబిజి అవుతుంది. ఒక్క క్షణం ఆగి, ప్లగ్ తలకు ఎదురుగా మీ ముఖం ఉన్నట్టు ఊహించుకుని ఎడమకు తిప్పండి.

ఇప్పుడు కారు లేపడం. నాలుగు వైపులా ఎందుకు లేపాలంటే, ఈ డిఫరెన్షియల్‌లో ఆయిల్ ఎంత ఉందో చూడటానికి కొలిచే పుల్ల లేదు. పోసే రంధ్రం అంచు దాకా నిండి బయటికి కారడమే కొలత. వెనక ఒక్కటే లేపితే కారు ముక్కు కిందికి వాలుతుంది, లోపల ఆయిల్ కూడా వాలుతుంది, ఆ కొలతకు అర్థం లేకుండా పోతుంది. చెంబులో నీళ్లు వంచి పట్టుకుని నిండుగా ఉన్నాయనుకోవడం లాంటిదే ఇదీ.

గరాజ్‌లో సిమెంటు నేల మీద చేయండి. డ్రైవ్‌వే ఏటవాలుగా ఉంటుంది, అక్కడ వద్దు. తారు నేల అసలే వద్దు. మీ టెక్సస్ ఎండకు తారు మెత్తబడి స్టాండు కాళ్లు దిగబడతాయి. మొదలుపెట్టే ముందు ఒక పావుగంట కారు నడిపి రండి, ఆయిల్ గోరువెచ్చనై తేలిగ్గా దిగుతుంది. సైలెన్సర్ గొట్టం కాలుతూ ఉంటుంది, ఒక పది నిమిషాలు ఆరనివ్వండి.

మీ కారుకు సంబంధించి ఒక ముఖ్యమైన విషయం ఉంది. ఇంజన్ తిప్పేది వెనక చక్రాలనే, హ్యాండ్ బ్రేక్ పట్టుకునేదీ వెనక చక్రాలనే. అంటే వెనక భాగం గాల్లోకి లేచిందంటే గేరులో ఉన్నా, హ్యాండ్ బ్రేక్ వేసి ఉన్నా కారును నేలకు పట్టి ఉంచేది ఏదీ లేదు. అందుకని నేను ముందు భాగం మొదట లేపుతాను. వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, ఫస్ట్ గేరు వేసి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, ముందు అడ్డదూలం మధ్యలో జాకీ పెట్టి లేపండి. డోరు కింద అంచున ముందు చక్రం వెనకాల రెండు గాట్లు కనిపిస్తాయి. వాటి మధ్య రేకు బలంగా ఉంటుంది, స్టాండు అక్కడ పెట్టి మెల్లగా దించండి. రెండో పక్క కూడా అంతే. తర్వాత వెనక్కి వచ్చి డిఫరెన్షియల్ కిందే, మధ్యలో, జాకీ గిన్నె మీద రబ్బరు ముక్క వేసి లేపండి. ఈ కారుకు వెనక జాకీ పెట్టాల్సిన చోటు అదే. గేర్ బాక్సు నుంచి డిఫరెన్షియల్ దాకా పొడుగ్గా ఒక అల్యూమినియం దూలం కనిపిస్తుంది. పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అంటారు దాన్ని. చూడటానికి గట్టిగానే ఉంటుంది కానీ కారు బరువు మోయడానికి పెట్టింది కాదు, దాని కింద జాకీ పెట్టకండి. వెనక చక్రాల ముందున్న గాట్ల మధ్య మిగతా రెండు స్టాండ్లు పెట్టండి. ఒక చివర ఒక్కసారే పూర్తి ఎత్తుకు లేపకుండా, ముందు కొంచెం, వెనక కొంచెం, మళ్లీ ముందు కొంచెం అన్నట్టు రెండు విడతల్లో లేపితే కారు బాగా వాలిపోయే సందర్భం రాదు. చివర్లో గుమ్మం అంచు మీద చిన్న మట్టం పెట్టి చూసుకోండి, ఫోన్‌లో ఉండేది కూడా చాలు.

డిక్కీలో వచ్చిన చిన్న జాకీ పంక్చరైన టైరు మార్చడానికే. దాని మీద నిలబెట్టిన కారు కింద చెయ్యి కూడా పెట్టొద్దు. స్టాండ్లు కొత్తవే కొనండి. సెకండ్ హ్యాండ్‌వి దొరికితే మోడల్ నంబరు చూసి, వెనక్కి పిలిచినవి కాదని నిర్ధారించుకోండి. 2020లో హార్బర్ ఫ్రైట్ సంస్థ తమ పిట్స్‌బర్గ్ బ్రాండ్ స్టాండ్లను పెద్ద ఎత్తున వెనక్కి పిలిచింది. లోపలి పళ్లు సరిగ్గా పట్టక, బరువు మీద ఉండగానే స్టాండు దిగిపోవచ్చని తేలింది. అలాంటివి ఎవరి గరాజ్‌లోనైనా ఇంకా ఉండొచ్చు. నాలుగూ పెట్టాక, కిందికి దూరకముందే కారు పక్కన నిలబడి భుజంతో గట్టిగా తోయండి. ఆ సమయంలో మీ ఆవిడను కాస్త దూరంగా నిలబడి స్టాండు పాదాలు చూడమనండి. ఒక్కటి కదిలినా, నేల వదిలినా దించేసి మళ్లీ మొదలుపెట్టండి. టన్ను పైచిలుకు బరువు అది. తోసినప్పుడు పడిపోని కారే మీరు పానా లాగినప్పుడు పడిపోకుండా ఉంటుంది. ఆ పైన కూడా జాకీని తీసేయకుండా ముందు అడ్డదూలానికి ఆనించి ఉంచండి, డోరు అంచుల కింద రెండు లావుపాటి చెక్క దిమ్మలు పేర్చండి. కింద ఉన్నంతసేపు ఇంట్లో ఒక మనిషి పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి. ఇంత చేశాక కూడా ఆవిడ మనసు ఒప్పుకోకపోతే పని మెకానిక్‌కే ఇవ్వండి, అందులో చిన్నతనమేమీ లేదు.

ఇక్కడి నుంచి పని తేలిక. కళ్లద్దాలు పెట్టుకోండి. పై ప్లగ్ విప్పండి. అడుగున పళ్లెం పెట్టి కింది ప్లగ్ విప్పండి, చివరి చుట్టుకు వచ్చాక దాన్ని లోపలికి నొక్కి పట్టుకుని తిప్పితే చెయ్యి తడవకుండా ఒక్కసారిగా లాగేయొచ్చు. ఆయిల్ మొదట దూరంగా పడి, తర్వాత దగ్గరికి వస్తుంది, పళ్లేన్ని దానికి తగ్గట్టు జరపండి.

అప్పుడే ప్లగ్ కడిగేయకండి. దాని కొసకు అయస్కాంతం ఉంటుంది. దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి తీరిగ్గా చూడండి. ఈ ఇరవై ఏళ్లలో మీ క్రౌన్ ఎలా బతికిందో చెప్పేది అదొక్కటే. కొస మీద బూడిదరంగు ముద్ద ఒకటి టోపీలా పేరుకుని ఉంటుంది. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. కాటుకలా మెత్తగా పాకిందంటే అది మామూలు అరుగుదలే, 96 వేల మైళ్లకు ఎంత ఉన్నా కంగారు అక్కర్లేదు. ఇసకలా గరగర తగిలిందంటే కొంచెం అనుమానించాలి. సూదుల్లాంటి తునకలు, పొలుసులు, ఒక పక్క పదునుగా విరిగిన ముక్క కనిపిస్తే పన్నో బేరింగో పాడవుతోందని అర్థం. అప్పుడు కొత్త ఆయిల్ పోసి బిగించండి, కానీ దూర ప్రయాణాలు మానుకుని తెలిసిన వాళ్లకు చూపించండి. ఆయిల్ రంగు కూడా గమనించండి. నల్లగా, డికాషన్‌లా ఉంటే పాతబడిందంతే. పాలు కలిపిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్లు చేరాయి. అలాంటప్పుడు ఇప్పుడొకసారి మార్చి, కొన్ని వందల మైళ్ల తర్వాత మళ్లీ ఒకసారి మార్చాలి.

చుక్కలు పడటం ఆగేదాకా పది, పదిహేను నిమిషాలు వదిలేయండి. అయస్కాంతం తుడిచి, కొత్త వాషర్ వేసి అడుగు ప్లగ్ బిగించండి. వాషర్లు పాతవే వాడితే నెలలోపు గరాజ్ నేల మీద మరక పడుతుంది. బిగువు 40 నుంచి 50 న్యూటన్ మీటర్లు, బిగువు కొలిచే పానా, అదే టార్క్ రెంచ్, దాని మీద చూసి ఆపండి. డిఫరెన్షియల్ మర చాలా గట్టిదన్న ధైర్యంతో బలమంతా పెట్టి లాగితే, నాకు ఎదురైన అరిగిన ప్లగ్ రేపు ఇంకొకరికి ఎదురవుతుంది.

పోయడానికి పైనుంచి గరాటు పెట్టే చోటు లేదు. డబ్బా మూతకు బిగించే చేతి పంపు ఏ ఆటో పార్ట్స్ షాపులోనైనా దొరుకుతుంది. పోసే ముందు ఆయిల్ డబ్బాను బకెట్ వేడి నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. చల్లటి గేర్ ఆయిల్ జొన్నల జావలా కదలనంటుంది, మోచెయ్యి నొప్పి పుడుతుంది. వెచ్చబడ్డాక తేనెలా దిగుతుంది. డబ్బా పైన మూత మూలన ఒక సన్నటి రంధ్రం పెడితే గాలి ఆడి పంపు తేలిగ్గా నడుస్తుంది. మొదటి డబ్బా అయిపోయి, రెండో దాంట్లో కొద్దిగా దిగాక రంధ్రం అంచు నుంచి సన్నటి ధార మొదలవుతుంది. అది చుక్కలుగా మారేదాకా ఆగి, కొత్త వాషర్‌తో పై ప్లగ్ కూడా అదే బిగువుకు బిగించండి. అరలీటరుకే బయటికి కారడం మొదలైందంటే మట్టం సరిగ్గా లేదు, లేదా పాతది పూర్తిగా దిగలేదు. అప్పుడు తొందరపడి బిగించేయకుండా కారణం వెతకండి. ఇంకో చిన్న పని. డిఫరెన్షియల్ నెత్తిన వేలెడంత గాలి గొట్టం ఉంటుంది. దాని చుట్టూ మట్టి పేరుకుంటే దులపండి. అది మూసుకుపోతే లోపల వేడి గాలికి దారి లేక, పక్క సీళ్ల నుంచి ఆయిల్ చెమర్చడం మొదలవుతుంది.

శబ్దం పోతుందా అని అడిగారు. ఆయిల్ బాగా తగ్గిపోయి ఉండటం వల్ల వచ్చేదైతే తగ్గొచ్చు. పళ్లు ఇప్పటికే అరిగి ఉంటే ఏ ఆయిలూ వాటిని కొత్తవి చేయదు. ఖాళీ హైవే మీద ఒక పరీక్ష చేయండి. 50 దగ్గర యాక్సిలరేటర్ మీద కాలు ఉంచినప్పుడు ఒక స్వరం, కాలు తీయగానే ఇంకో స్వరం వినిపిస్తే క్రౌన్, పినియన్ల నుంచి వస్తోంది. కాలు పెట్టినా తీసినా తేడా లేకుండా, మెల్లగా ఎడమకూ కుడికీ ఊగినప్పుడు మాత్రం పెరిగి తగ్గుతుంటే చక్రం బేరింగ్‌ను అనుమానించండి. టైర్లు ఎగుడుదిగుడుగా అరిగినా ఇలాగే ఊళ వేస్తాయి, పాత కార్లలో నేను ఎక్కువసార్లు చూసింది అదే. టైరు మీద అరచెయ్యి ఆనించి ముందుకోసారి, వెనక్కోసారి నిమరండి. ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపంలా తగిలితే ముందు దాని సంగతి చూడాలి. ఆయిల్ మార్చక ముందు ఒకసారి, మార్చాక ఒకసారి అదే రోడ్డు మీద, అదే స్పీడులో ఫోన్‌లో ఆ శబ్దం రికార్డు చేసి పెట్టుకోండి. చెవి జ్ఞాపకాన్ని నమ్మలేం.

మళ్లీ ఎప్పుడు మార్చాలంటే, నేను 30 వేల మైళ్లకు ఒకసారి మారుస్తాను. రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే అంతకంటే ముందే. వానకు రోడ్డు మునిగి చక్రం మధ్య దాకా నీళ్లలో నడపాల్సి వస్తే మైళ్లు లెక్కపెట్టకుండా మార్చేయండి.

దించిన ఆయిల్‌ను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి ఆటో పార్ట్స్ షాపుకు తీసుకెళ్లండి. ఆటోజోన్, ఓరైలీ లాంటి చోట్ల వాడేసిన ఆయిల్ ఉచితంగా తీసుకుంటారు, గేర్ ఆయిల్ అని ముందే చెప్పండి. అందులో కూలెంటో బ్రేక్ ఆయిలో కలిపితే మాత్రం తీసుకోరు. వాన నీళ్ల కాలువలోనో పెరట్లోనో పారబోయడం తప్పు. ఒక్కసారి ఆయిల్ మార్చగా దించింది పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఎప్పటి నుంచో చెబుతోంది. మీ ఇంటి ముందు కాలువ నీళ్లు చేరేదీ ఏదో ఒక వాగుకే.

కారు దించాక పది మైళ్లు నడిపి వచ్చి, రాత్రికి డిఫరెన్షియల్ కింద ఒక పాత అట్టపెట్టె పరచండి. పొద్దున్నే చూసినప్పుడు ప్లగ్ దగ్గర ఒలికిన ఆయిల్ నుంచి ఒకటి రెండు చుక్కలు పడి ఉండొచ్చు, తుడిచి మళ్లీ పరచండి. మూడో రోజు కూడా చుక్క కనిపిస్తే అది ఏ ప్లగ్ నుంచో, లేక పక్క షాఫ్టు సీలు నుంచో చూడాలి. అయస్కాంతం మీద ముద్దను తుడిచేముందు దగ్గర్నుంచి ఒక ఫోటో తీసి, శబ్దం రికార్డింగులు రెండింటితో కలిపి పంపండి. అవి చూశాక, విన్నాక పళ్ల సంగతి ఇంకాస్త గట్టిగా చెప్పగలను.